సీఐఓ గారి గది ముందు ఎంతమంది ఉండాలి?

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. నిన్ను సీఐఓ గారి ఆఫీసులో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా వేశారని చెబుతుంటే వాడి గొంతులో సంతోషం ఆగలేదు. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు. చేరి పదిహేను రోజులు కాకముందే నువ్వు మరో ఎనిమిది మంది కావాలని కాగితం తయారుచేస్తున్నావట. ఇప్పుడున్న ఆరుగురితో పని సాగదంటున్నావట. ఫోన్ పెట్టేశాక మీ పెద్దనాన్న బుర్రలో ఆ ఎనిమిదే తిరిగింది. ముప్పై ఏళ్లకి పైగా కంప్యూటర్ విభాగాల్లో నలిగి, అందులో ఆఖరి పదకొండేళ్లు ఇద్దరు సీఐఓల పక్కన కూర్చుని పనిచేసిన మనిషి ఊరుకోలేడు కదా. ఫోన్లో చెబితే “సరే పెద్దనాన్నా” అనేసి నువ్వు తర్వాతి మీటింగుకి వెళ్లిపోతావు. కాగితం మీదైతే రెండోసారి చదువుతావు.

రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ టవర్లలో ఇప్పుడు నీలాంటి కొలువు మామూలైపోయింది. పెద్ద కంపెనీల సెంటర్లు హైదరాబాద్‌కి వచ్చేకొద్దీ వాటి ఐటీ పెద్దల, అంటే సీఐఓల, ఆఫీసులు కూడా ఇక్కడికే వచ్చాయి. బడ్జెట్ ఒకరు, వెండర్ల కాంట్రాక్టులు ఒకరు, ప్రాజెక్టుల స్టేటస్ ఒకరు, బోర్డు మీటింగు కాగితాలు ఒకరు, టౌన్‌హాల్ ఉపన్యాసాలు ఒకరు. ఈ జట్టు సర్వర్ నడపదు, కోడ్ రాయదు. దాని చేతిలో ఉండేవి రెండే రెండు: ఒక పెద్దమనిషి సమయం, ఆ పెద్దమనిషి చెవి. వేల మంది చేసే పనిలోని నిజం ఆ చెవికి ఎంత తొందరగా, ఎంత కల్తీ లేకుండా చేరుతుందన్నదే నీ ఉద్యోగం. మిగతాదంతా దాని చుట్టూ ఉండే హంగు.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. సంస్థ పేరు వద్దు. నెలాఖరు. రాత్రి పదకొండున్నరకి మొదలై నాలుగింటికల్లా ముగియాల్సిన బ్యాచ్ జాబ్ ఒంటిగంటా పది నిమిషాలకి ఆగిపోయింది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. అయినా పావుగంటలో కారణం పట్టుకున్నాడు. లాగ్ ఫైళ్లు పేరుకుపోయి డిస్క్ నిండిపోయింది. పాతవి తీసేస్తే చాలు, కానీ తీసేయడానికి పైవాళ్ల అనుమతి కావాలి. మెయిల్‌లో ఆ సంగతి రాసి చివర అడిగాడు: “తీసేయమంటారా?” షిఫ్ట్ లీడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ మెయిల్ “స్టోరేజ్ సమస్య, పరిశీలనలో ఉంది” అయింది. సర్వీస్ మేనేజర్ దగ్గర “స్వల్ప జాప్యం” అయింది. సీఐఓ ఆఫీసులో ఆ రాత్రి డ్యూటీ చూసే మనిషి దాన్ని “బ్యాచ్ పర్యవేక్షణలో ఉంది” అని మళ్లీ దిద్ది, పక్కన పసుపు చుక్క పెట్టాడు. పొద్దున ఆరున్నరకి పెద్దాయన ఫోన్లో చూసింది ఆ పసుపు చుక్కనే. కౌంటర్లు తెరిచేసరికి ముందురోజు లెక్కలు ఇంకా ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా జనం నిలబడే ఉన్నారు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించు. నాలుగు చేతులు మారేసరికి ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న మాయమైంది, అంతే. ఆ నాలుగో చెయ్యి మీ పెద్దనాన్న నడిపిన జట్టుదే. అప్పుడా జట్టులో పద్దెనిమిది మంది ఉన్నారు.

మీ వాళ్లు దీన్నే పుచ్చకాయ రిపోర్ట్ అంటారు, బయట ఆకుపచ్చ, లోపల ఎరుపు. ఆ కాయ చేలో కాసిందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది కాసేది పెద్దల ఆఫీసులోనే. రిపోర్టుని దిద్దడానికి అక్కడ ఒక మనిషి ఖాళీగా ఉంటే, దిద్దకుండా ఉండలేడు.

ఇది ఒక్క మన అనుభవమే అయితే ఇంతలా చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైటు తెరిచింది. లక్షల మంది ఎగబడ్డారు. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురు. డబ్బుకి కొదవ లేదు, మనుషులకీ లేదు, పనిచేసిన కాంట్రాక్టు కంపెనీలే యాభైకి పైచిలుకు. సైటుని బాగుచెయ్యడానికి వచ్చిన కొద్దిమంది ఇంజినీర్లు అడుగుపెట్టగానే ఈ సైటు ఇప్పుడెలా ఉందో ఒక్క చూపులో చెప్పే డాష్‌బోర్డ్ ఏదని అడిగారు. లేదన్నారు. ముందు అది కట్టుకున్నారు. ఆ తర్వాతే మరమ్మతు.

గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ ఆ వార్‌రూమ్‌కి పెట్టిన నియమాలు మూడే. ఈ గది సమస్య తీర్చడానికి, తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. మాట్లాడాల్సింది విషయం అందరికన్నా బాగా తెలిసినవాళ్లు, పెద్ద హోదా ఉన్నవాళ్లు కాదు. రానున్న ఒకటి రెండు రోజుల్లో దెబ్బకొట్టే వాటి మీదే దృష్టి. ఈ మూడింటిలో రెండోది నువ్వు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకో. మన ఆఫీసుల్లో దానికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. హోదా ఉన్నవాడు మాట్లాడతాడు, తెలిసినవాడు గోడవారన నిలబడి తల ఊపుతాడు. డిసెంబరు 1కల్లా ఆ సైటు ఒకేసారి 50,000 మందిని తట్టుకుంటుందని ప్రభుత్వం ప్రకటించగలిగింది.

ఆ మరమ్మతు మొత్తానికి పెద్దగా ఉన్న జెఫ్ జయెంట్స్ కోడ్ రాసేవాడు కాదు, మేనేజ్‌మెంట్ మనిషి. ఆయన పని తెలిసినవాళ్లని ఒకచోట కూర్చోబెట్టడం, వాళ్ల దారికి ఎవరూ అడ్డురాకుండా చూడటం, రోజూ అదే ప్రశ్న అడగడం. పదేళ్లు నిండకముందే, 2023లో, అదే మనిషి వైట్‌హౌస్‌కి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. నీ కుర్చీ పేరే.

ఇక నీ ఎనిమిది మంది సంగతి.

ఫ్రెడ్ బ్రూక్స్ పేరు నువ్వు కాలేజీలో వినే ఉంటావు. ఐబీఎంలో ఓఎస్/360 అనే మహా ప్రాజెక్టుని నడిపి, ఆ దెబ్బలన్నీ తిని, 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందన్న ఆయన సూత్రం అందరూ చెబుతారు. దాని కింద ఉన్న లెక్క ఎవరూ వేసి చూడరు. నీ ఆరుగురిలో ఎవరు ఎవరితో మాట్లాడుకోవాలన్నా ఉండే జతలు 15. పద్నాలుగు మందిని చేశావనుకో, 91. మనుషులు రెండింతలు దాటి కొంచెం పెరిగారు, మాట్లాడుకోవాల్సిన దారులు ఆరింతలయ్యాయి. కొత్తగా వచ్చే ఎనిమిది మంది జీతం కంపెనీ ఇస్తుంది. ఈ 76 కొత్త దారుల ఖర్చు మాత్రం నువ్వు, నీ ఆరుగురు, కింద పనిచేసే ఇంజినీర్లు కట్టాలి.

ఇంతకన్నా పాత లెక్క ఒకటుంది. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1955లో ‘ది ఎకనామిస్ట్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. బ్రిటన్ నౌకాదళంలో 1914లో సేవలో ఉన్న పెద్ద యుద్ధనౌకలు 62, 1928 నాటికి 20. నావికులు, అధికారులు కలిపి 1,46,000 నుంచి 1,00,000కి తగ్గారు. అదే కాలంలో నౌకాశాఖ ఆఫీసు అధికారులు 2,000 నుంచి 3,569 అయ్యారు. ఓడలు మూడో వంతుకి పడిపోతే కాగితాలు చూసేవాళ్లు ముప్పావు వంతుకి పైగా పెరిగారు. అధికారి ఎవరైనా తన కింద మనుషులు పెరగాలనుకుంటాడు, అలా పెరిగినవాళ్లు ఒకరికొకరు పని కల్పించుకుంటారు అన్నది ఆయన విశ్లేషణ. డెబ్బై ఏళ్లయినా ఆ వ్యాసం పాతబడలేదు. అందలం ఎక్కేవాళ్లే అందరూ అయితే మోసేదెవరని మన ఊళ్లో ఊరికే అనలేదు.

మన దేశంలోనే, మన కళ్లముందు జరిగిన పని ఒకటి చూడు. ఆధార్ కోసం యూఐడీఏఐని 2009 జనవరిలో ప్రణాళికా సంఘం కింద ఏర్పాటు చేసినప్పుడు మొదట మంజూరు చేసిన సిబ్బంది 115 మంది. చేరుకోవాల్సింది వంద కోట్లకి పైబడిన జనాన్ని. నందన్ నీలేకని, రామ్ సేవక్ శర్మ మొదలుపెట్టినప్పుడు ఏది తాము చెయ్యకూడదో ముందే తేల్చుకున్నారు. వేలిముద్రలు, కనుపాపలు తీసుకునే నమోదు పని రాష్ట్ర ప్రభుత్వాలకీ, బ్యాంకులకీ, ఎల్‌ఐసీ లాంటి సంస్థలకీ రిజిస్ట్రార్లుగా అప్పగించారు. ప్రమాణాలు, కేంద్ర డేటా, ఒక మనిషికి రెండు నంబర్లు పడకుండా చూసే వ్యవస్థ, వీటిని మాత్రం తమ చేతిలో ఉంచుకున్నారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో మొదటి నంబరు ఇచ్చారు. 2016 ఏప్రిల్‌లో వంద కోట్లు దాటాయి. తర్వాత సంస్థ పెరిగింది, ప్రాంతీయ కార్యాలయాలు వచ్చాయి, మన హైదరాబాద్‌లోనూ ఒకటుంది. ఆధార్ మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, అది వేరే ఉత్తరం. పని పంపకం వరకూ మాత్రం నీకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

వాట్సాప్‌ని 2014లో ఫేస్‌బుక్ కొన్నప్పుడు 45 కోట్ల మంది వాడకందార్లకి ఉద్యోగులు 55 మందే అని ఎవరో ఒకరు నీకు తప్పకుండా చెబుతారు. నిజమే. అయినా ఆ పోలిక మీ సీఐఓ గారికి పనికిరాదు. వాళ్లు ఒక్క వస్తువు తయారుచేశారు. ఆయన నెత్తిన నలభై ఏళ్ల పాత సిస్టమ్‌లు, పది దేశాల నిబంధనలు ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా రాయకపోతే ఈ ఉత్తరం నీకు చెడు చేస్తుంది. మనుషుల్ని తగ్గించడమే గొప్ప అనుకునేవాళ్లు కొందరుంటారు. 1988లో స్వీడన్ వాళ్ల అసియా, స్విట్జర్లాండ్ వాళ్ల బ్రౌన్ బోవెరి కలిసి ఏబీబీ అయ్యాయి. దాని అధిపతి పెర్సీ బార్నెవిక్ రెండు లక్షల పైచిలుకు ఉద్యోగులున్న కంపెనీని జ్యూరిక్‌లో సుమారు 150 మంది ఉన్న ప్రధాన కార్యాలయంతో నడిపాడు. ప్రపంచంలోని బిజినెస్ స్కూళ్లన్నీ ఆ కథని నెత్తిన పెట్టుకున్నాయి. 2002 వచ్చేసరికి అదే కంపెనీ అప్పులతో, ఆస్‌బెస్టాస్ కేసులతో కొట్టుమిట్టాడింది. చిన్న ఆఫీసే దానికి కారణమని చెప్పడం అన్యాయం. చిన్న ఆఫీసు దాన్ని కాపాడలేదన్నది మాత్రం నిజం.

అంతకన్నా నీకు దగ్గరి కథ టీఎస్‌బీ బ్యాంకుది. దీన్ని కొంచెం నిదానంగా చదువు.

బ్రిటన్‌లో 2018 నాటికి 52 లక్షల మంది ఖాతాదారులున్న బ్యాంకు అది. పాత యజమాని సిస్టమ్‌ల మీద నడుస్తూ ఉండేది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఖాతాలన్నీ కొత్త ప్లాట్‌ఫారమ్ మీదికి మార్చారు. డేటా బాగానే వెళ్లింది, ప్లాట్‌ఫారమ్ మాత్రం నిలబడలేదు. సుమారు 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. బ్రాంచీలన్నిటికీ సెగ తగిలింది. పరిస్థితి మామూలు కావడానికి డిసెంబరు దాకా పట్టింది. ఖాతాదారులకి చెల్లించిన పరిహారమే 3.27 కోట్ల పౌండ్లు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అంతటితో ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో అప్పటి సీఐఓ కార్లోస్ అబార్కాకి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది.

ఎందుకు? కొత్త ప్లాట్‌ఫారమ్ కట్టి నడపాల్సింది సాబిస్ అనే సోదర కంపెనీ. ఆ సాబిస్ తన కింద 85 బయటి సంస్థల మీద ఆధారపడింది. వాళ్లంతా సిద్ధమేనా అని బ్యాంకు తగినంత లోతుగా తవ్వలేదు, సాబిస్ ఇచ్చిన హామీని సీఐఓ చాలినంత నిలదీయలేదు అన్నది నియంత్రణ సంస్థ తేల్చిన విషయం. రెండు డేటా సెంటర్లు ఉంటే కీలకమైన పరీక్ష ఒక్కదాని మీదే జరిగిందని బ్యాంకు వేయించిన విచారణలో బయటపడింది.

ఆ గదిలో కాగితాలకి కొదవ ఉండి ఉండదు. అంత పెద్ద ప్రాజెక్టులో స్టీరింగ్ కమిటీలు, రిస్క్ రిజిస్టర్లు గుట్టలుగా ఉంటాయి. “రెండో డేటా సెంటర్ సంగతేంటి? ఈ 85 మందిలో ఎవరు సంతకం పెట్టలేదు?” అని అడిగి, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవని మనిషి ఒక్కరు కావాల్సింది. నీ ఆరుగురిలో కాంట్రాక్టులు చూసే మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించకు. వెండర్ ఇచ్చిన హామీ పత్రాన్ని ఫైల్లో పెట్టేవాళ్లు కాకుండా, దాని వెనక్కి వెళ్లి చూసేవాళ్లు అయి ఉండాలి. ఆ సీటుకి కోడ్ రాసిన అనుభవం ఉన్నవాళ్లని తెచ్చుకో.

మరి తగ్గించేది దేన్ని?

మీ పెద్దనాన్న ఆ నెలాఖరు రాత్రి తర్వాత చేసిన పని చెబుతాడు. వంద పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొని, జట్టు నుంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం పేరు ఎడమవైపు రాశాడు. పక్కన, అది ఎవరికి వెళ్తుంది. దాని పక్కన, గడిచిన మూడు నెలల్లో దాన్ని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు. రాయడానికి రెండు వారాలు పట్టింది. మొత్తం నలభై మూడు. మూడో గడి నిండినవి పదకొండు. మిగతా ముప్పై రెండింటిలో అన్నిటికన్నా బరువైనది ముప్పై ఎనిమిది పేజీల వారపు రిపోర్ట్. శుక్రవారం సాయంత్రాలు నలుగురు కూర్చుని రంగులు సరిచేసేవారు. దాన్ని ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. మొదటి వారం ఎవరూ అడగలేదు. రెండో వారం అడగలేదు. ఐదో వారం ఫైనాన్స్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనకి కావాల్సింది పందొమ్మిదో పేజీలోని ఒకే ఒక్క పట్టిక. ఆ రోజు నుంచి ఆయనకి ఆ పట్టిక ఒక్కటే వెళ్లింది.

ఇందులో దాగి ఉన్న ఖర్చు నీ జట్టులో కనబడదు, అందుకే దాన్ని పట్టించుకోరు. నువ్వు ఒక ఎక్సెల్ షీట్ తయారుచేసి, అరవై మంది మేనేజర్లకి “గురువారంలోగా నింపి పంపండి” అని మెయిల్ కొడతావు. నీకది అర నిమిషం పని. ఒక్కొక్కరికి వారానికి రెండు గంటలు పడితే 120 గంటలు. అంటే ముగ్గురు మనుషులు వారమంతా వేరే పని ముట్టుకోకుండా నీ షీట్ కోసం పనిచేసినట్టు. నీ జట్టు పెరిగిన ప్రతిసారీ ఇలాంటి షీట్లు పెరుగుతాయి. కొత్తగా వచ్చిన మనిషి తన ఉనికి చూపించుకోవాలి కదా, ఇంకో షీట్ పుడుతుంది. జిరాలోనో సర్వీస్‌నౌలోనో ఇప్పటికే ఉన్న సమాచారాన్ని మళ్లీ మనుషుల్ని అడగొద్దు. మీ జట్టే వెళ్లి తీసుకోవాలి.

ఇప్పుడు మీటింగు ముగియకముందే మినిట్స్ కోపైలట్ రాసి పెడుతోంది, పది నిమిషాల్లో ఇరవై స్లైడ్లు వస్తున్నాయి. కాగితం పుట్టించడం చవకైంది. చదివే పెద్దాయనకి మాత్రం రోజుకి అవే ఇరవై నాలుగు గంటలు.

ఇంకో సంగతి, ఇది బయటివాళ్లకి తెలియదు. పనికిమాలిన పనిలో చాలా భాగం సీఐఓ గారి నోటి నుంచే పుడుతుంది, ఆయనకి తెలియకుండా. లిఫ్ట్‌లో దిగుతూ “మన దగ్గర వాడకంలో లేని సర్వర్లు ఎన్ని ఉంటాయంటావ్?” అంటారు. ఆయన అనుకున్నది పైకి అన్నారు, పార్కింగ్‌కి చేరేసరికి మర్చిపోయారు. కింద మాత్రం దాన్ని ఆజ్ఞగా తీసుకుంటారు. రెండు వారాలు, నలభై జట్లు, ఒక వర్క్‌బుక్, దాని మీద రెండు రివ్యూలు. ఆ మాట పుట్టినచోటే నువ్వు అడగాలి: “సార్, ఇది ఏ నిర్ణయం కోసం? ఎప్పటికి కావాలి?” సగం సార్లు “అబ్బే, ఊరికే అన్నాను” అంటారు. నిజంగానే కావాలన్నప్పుడు రెండో మాట: “ఇది మొదలుపెడితే డేటా సెంటర్ కాంట్రాక్టు కాగితం వచ్చే వారానికి పోతుంది. ఏది ముందు?” గౌరవంగా, నవ్వుతూ, ప్రతిసారీ అడుగు. మొదటి నెల ఆయనకి చికాకు కలగొచ్చు. మూడో నెలకి ఆయనే నిన్ను చూసి “ఇది నిర్ణయం కోసమే” అని ముందే చెబుతారు. మీ పెద్దనాన్న పనిచేసిన ఇద్దరు పెద్దలూ అలాగే అలవాటుపడ్డారు.

దృష్టి నిలవడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. మన కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన శ్రీధరన్ గారు ఢిల్లీ మెట్రో కడుతున్నప్పుడు ఆఫీసుల్లో, సైట్లలో రోజులు వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించారు. ఇంకా ఇన్ని రోజులే ఉన్నాయన్నది గుమాస్తా నుంచి చీఫ్ ఇంజినీర్ దాకా అందరికీ ఒక్కలాగే కనబడేది. మీ జట్టు గోడ మీద కూడా ఈ మూడు నెలల్లో సీఐఓ గారు తప్పక తేల్చాల్సిన నిర్ణయాలు నాలుగైదు, వాటి పక్కన తేదీలు ఉండాలి. ఆ నాలుగైదింటికీ పనికిరాని మీటింగులో మీ వాళ్లు ఎందుకు కూర్చున్నారో వాళ్లే చెప్పాలి.

పద్దెనిమిది మంది ఏడుగురు కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఒక్కరి ఉద్యోగం పోలేదు. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకో తల్లీ. “లీన్” అనే మాట వినగానే మనుషుల గుండెల్లో రాయి పడుతుంది, ఇంట్లో ఈఎంఐలు కళ్లముందు కదులుతాయి. ఎవరినైనా పంపాలనుకుంటే ముందు వాళ్లకి చోటు వెతికి, ఆ తర్వాత మాట ఎత్తాలి. స్లైడ్లు చేసే అమ్మాయి ఒకామె ఉండేది. అంకెల్లో ఒక్క తప్పు కూడా తప్పించుకోలేదు ఆమె కంట్లోంచి. ఆమెని కాంట్రాక్టుల బిల్లులు సరిచూసే చోటికి పంపితే, మొదటి మూడు నెలల్లోనే మూసేసిన లైసెన్సులకి ఇంకా డబ్బు కడుతున్నామని పట్టుకుంది. ఇంకొకరు టెస్టింగ్‌కి, ఇద్దరు ప్రాజెక్టుల్లోకి వెళ్లారు. మిగిలిన సీట్లకి కూడా గడువు పెట్టారు. డెలివరీ నుంచి మనిషి వస్తాడు, రెండేళ్లు ఉంటాడు, మళ్లీ డెలివరీకి వెళ్తాడు. నిన్నటిదాకా ప్రొడక్షన్‌లో రాత్రుళ్లు మేలుకున్న మనిషి పసుపు చుక్క చూసి ఊరుకోడు, కిందికి ఫోన్ చేస్తాడు.

ఆ ఫోన్ అలవాటు నువ్వు కూడా చేసుకో. వారానికి ఒక్కసారి, ఎవరి ద్వారానూ కాకుండా, ఆ వారం అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న సిస్టమ్‌ని చూసే ఇంజినీరుతో పదిహేను నిమిషాలు మాట్లాడు. అతని మేనేజర్‌కి ముందే చెప్పి మాట్లాడు, చాటుగా కాదు. విన్నది ఎవరి మీదా కత్తిగా వాడకు. ఒక్కసారి వాడావంటే ఇక నీకెవరూ నిజం చెప్పరు. ఆ సంభాషణలో వచ్చిన ప్రశ్న ఏదైనా ఉంటే, దాన్ని ప్రశ్నగానే, అడిగినవాళ్ల మాటల్లోనే, సీఐఓ గారి ముందు పెట్టు.

ఆ ఎనిమిది మంది కాగితం చించెయ్యమని చెప్పడం లేదు. మూడు నెలలు సొరుగులో పెట్టు. ఈలోపు నోట్‌బుక్ ఒకటి కొని మూడు గడులూ నింపు. నింపాక కూడా మనుషులు కావాలనే తేలితే, ఏ నిర్ణయం కోసం ఎవరు కావాలో నీకే స్పష్టంగా తెలుస్తుంది, అప్పుడు అడుగు. మీ పెద్దనాన్న అంచనా అయితే ఒకరు, మహా అయితే ఇద్దరు. రాత్రి కాల్స్ ఎక్కువైతే వంతులు వేసుకోండి, అమెరికా టైముకి రోజూ నువ్వొక్కదానివే మేలుకోవద్దు. భోజనం వేళకి చెయ్యి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా. మూడో గడి ఖాళీగా ఉన్నవి ఎన్ని తేలాయో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న